కుడి భుజం అదిరిన సాయంత్రం

మగవాడికి కుడి భుజం అదిరితే మంచిదని మా వైపు నమ్మకం. పాతపట్నం దగ్గర మా వరి పొలానికి పురుగుమందు కొట్టి వచ్చిన సాయంత్రం మా ఆయనకు భుజం అదరడం మొదలైంది. ఆయన నాకు మేనమామ కొడుకు, చిన్నప్పటి నుంచీ బావా అనే పిలుపు. అరుగు మీద కూర్చుని, చొక్కా తీసి చూపించాడు. చర్మం కింద కండ పురుగు పాకినట్టు కదులుతోంది.

"కుడిదే కదేటి! ఏదో మంచి కబురు వస్తాది," అంది అత్త. పక్కింటివాళ్లూ వచ్చి చూసి నవ్వారు. బావ కూడా నవ్వాడు. మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఊపిరాడదనే మనిషి. కాసేపటికి నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట. అప్పుడు ఆటో పిలిచాం.

శ్రీకాకుళం ఆస్పత్రిలో డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. నరం చివర ఒక రసం చిందుతుందట. అది తగిలితే కండ బిగుస్తుంది. వెంటనే ఆ రసాన్ని విరిచేసేది మరొకటి ఉంటుంది కాబట్టి కండ వదులవుతుంది. పురుగుమందు ఆ విరిచేదాన్ని పనిచేయనివ్వదు. ఇక రసం పోదు, కండ అదరడం ఆపదు, అదిరి అదిరి చివరికి చచ్చుబడుతుంది. మేం శుభం అనుకున్నది అదన్నమాట. ఏడుపు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. అత్త మీద, పక్కింటివాళ్ల మీద, నవ్వినందుకు బావ మీద.

మర్నాటికి తేరుకున్నాడు. "ఆకలేస్తన్నాది, గంజి ఉన్నాదేటే?" అని అడిగాడు కూడా. ఇంటికెళ్లాక ముఖలింగం వెళ్లి కొబ్బరికాయ కొట్టాలంది అత్త.

ఆ తర్వాతి పొద్దున బావ దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయాడు. ఈ విషం పట్టినవాళ్లలో కొందరికి ఇలా తిరగబెడుతుందనీ, మెడ తర్వాత ఊపిరి తీసే కండలూ పడిపోతాయనీ డాక్టరమ్మ చెప్పింది. గొంతులో గొట్టం వేశారు. "తెలివిలోనే ఉన్నాడమ్మా, అన్నీ వినిపిస్తాయి. మాట్లాడు," అంది.

బావ చెయ్యి పట్టుకుని, "బావా, నా ఏళ్లు నొక్కు," అన్నాను. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. వేళ్లు కదల్లేదు.

"నొక్కరా! అది అడుగుతన్నాది కదా, నొక్కరా!" అని అత్త కసిరింది.

"తిట్టకు అత్తా. నొక్కుతన్నాడు. ఆ మాట కండకి సేరట్లేదు, అంతే."

తర్వాత గుండె కూడా తట్టుకోలేదు. కొడుకు ఆఖరి గడియల్లో తన మాట వినలేదని అత్త ఇప్పటికీ ఏడుస్తుంది. విన్నాడని ఎన్నిసార్లు చెప్పినా నమ్మదు.