జిగురు మామయ్య

జిగురు ఫ్యాక్టరీలో మిశ్రమాలు కలిపే మామయ్య, వాసనను బట్టి ఎవరైనా వాటి గుట్టు కనిపెట్టేస్తారేమోనని, అక్కడే స్నానం చేసి, చొక్కా కూడా ఉతికేసుకుని ఇంటికి బయలుదేరేవాడు. పొరుగుదేశం కంపెనీతో కలిసి తయారుచేస్తున్న చెప్పుల జిగురు మళ్లీ పట్టు వదిలిన రోజు, అక్కడి నుంచి వచ్చిన ఇంజనీరు బతిమాలాడు.

"కలిపే ముందు వేడి చెయ్యాలా, కలిపాకా? ఆ ఒక్క ముక్క చెప్పండి మాస్టారూ. ఇది కుదరకపోతే నా ఉద్యోగం పోతుంది."

భాగస్వాములకైనా చెప్పనని తన కంపెనీకి సంతకం పెట్టిచ్చిన మామయ్య, "మీ మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగాడు.

ఒప్పందం రద్దయింది. ఇంజనీరు పెట్టె సర్దుకున్నాడు.

"చెప్పి ఉంటే అతుక్కునేదా?" అంది ఆ సంగతి విన్న అత్తయ్య.

"కూర వడ్డించవే, ఆకలేస్తోంది."

మామయ్య పోయాక అత్తయ్య ఆయన చొక్కాలను ఒక్కొక్కటిగా ముఖానికి ఆనించుకుంది. ప్రతి చొక్కా సబ్బు వాసనే వేసింది.