అన్నీ ఎడమ చేతులే

అమ్మమ్మకు బాగా వచ్చిన పనులు రెండు. ఒకటి గుడ్డ కోయడం, రెండోది కారు నడపడం. వంట సంగతి అడిగితే నవ్వేస్తుంది. లెక్కలు అడిగితే కళ్ళజోడు వెతుక్కుంటుంది, ఆ కళ్ళజోడు నెత్తిమీదే ఉంటుంది. కానీ యూనిఫాములు కుట్టే ఫ్యాక్టరీలో కోత బల్ల దగ్గర ఆవిడ నిలబడిందంటే మేనేజరు కూడా రెండడుగులు వెనక్కి తగ్గుతాడు.

కోత బల్ల అంటే ఇంట్లో భోజనాల బల్లలాంటిది కాదు. హాలుకు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. దాని మీద గుడ్డను పొర మీద పొర పరుస్తారు. పై పొర మీద అట్టముక్కలు పెట్టి, సుద్దతో చుట్టూ గీస్తారు. వీపుకో అట్ట, ఛాతీకో అట్ట, కాలరుకో అట్ట, చేతికో అట్ట. ఆ గీత వెంట మెషిను కత్తి నడిపితే పొరలన్నీ ఒక్కసారే తెగుతాయి. గీత కుదిరితే గుట్టెడు చొక్కాలు. తప్పితే గుట్టెడు గుడ్డపీలికలు. నడిమధ్య ఇంకేమీ ఉండదు.

అట్టల్ని ఎలా సర్దితే తుక్కు తక్కువ మిగులుతుందన్నదే ఆ పనిలో అసలు కిటుకు. అమ్మమ్మ సర్దితే కాలరు వంపులో జేబు ముడుచుకుని పడుకుంటుంది, వీపు పక్కన చేయి ఒదిగిపోతుంది. ఊడ్చేవాళ్ళకు పని ఉండదు. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు బుర్ర ఖాళీగా ఉంటుందట, ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వచ్చేసరికి అట్టలన్నీ కుదురుగా కూర్చుని ఉంటాయట. ఎలాగని అడిగితే, "ఏమో, వాటంతటవే" అంటుంది.

ఇలా వాటంతటవే జరిగిపోతున్న సంసారంలోకి అల్లుడుగారు ఒక మంచి ఆలోచనతో ప్రవేశించారు.

అల్లుడుగారికి ఆలోచన వస్తే ఇంట్లోవాళ్ళందరికీ జలుబు చేసినట్టే, ఎవరూ తప్పించుకోలేరు. ఒక పొద్దున అమ్మమ్మ కారు తీస్తుంటే వెనకాల గొంతుక్కూర్చుని, పొగగొట్టానికి తెల్ల జేబురుమాలు అడ్డం పెట్టాడు. తర్వాత దాన్ని పతకంలా పైకెత్తి చూపించాడు.

"చూశారా అత్తయ్యా? ఇదంతా మనం పీలుస్తున్నదే."

"అది నా కూతురు ఉతికిన రుమాలు బాబూ. నువ్వు పీల్చడం మాట తర్వాత, ముందు అది చూసి నీ పీక పట్టుకుంటుంది."

"నవ్వులాట కాదు. అంత కారులో మీరొక్కరే వెళ్తారు. మీ వెనకాలే మీ ఫ్యాక్టరీ లెక్కలాయన ఒక కారులో ఒక్కడే. ఇస్త్రీ సెక్షన్ ఆవిడ స్కూటరు మీద. ముగ్గురూ ఒకే గేటులోకే కదా దూరేది? ఒక్క బండిలో వెళ్తే పెట్రోలు డబ్బులు మిగులుతాయి, గాలీ బాగుపడుతుంది."

ఇందులో కాదనడానికి ఏమీ లేదు. మంచిమాటలతో వచ్చే చిక్కే అది. అమ్మమ్మ కాసేపు తాళాల గుత్తి తిప్పుతూ నిలబడి, "సరే" అంది. ఎందుకో చెప్పులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఏ ముల్లో తెలియలేదు.

లెక్కలాయన్ని ఫ్యాక్టరీలో అందరూ బ్రేకు బాబాయి అంటారు. ఎవరి బండి ఎక్కినా ఆయన కుడికాలు నేలను తొక్కుతూనే ఉంటుంది. మాటలు తక్కువ, తొక్కుడు ఎక్కువ. ఇస్త్రీ ఆవిడ పేరు ఆవిరి. ఆవిరి పెట్టెతో ఇస్త్రీ చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆవిడ నమ్మకం. నోరు తెరిస్తే ఎటుపోతుందో తెలియదు కాబట్టి వచ్చిందని మిగతావాళ్ళ నమ్మకం. మనసు మాత్రం వెన్న.

ఆవిరి ముందు సీట్లో కూర్చునేది. తలుపు వేసీ వేయకముందే మొదలయ్యేది.

"అక్కా, మా మరిది ఇల్లు మారతానంటున్నాడు. మారాలంటావా, వద్దంటావా? పై అంతస్తే మేలు కదూ? ఏమంటావ్?"

"ఊఁ..."

"ఊఁ అంటే పై అంతస్తా, కింద అంతస్తా?"

అమ్మమ్మ ఆ మరిది ముఖమన్నా చూడలేదు. అయినా పాపం ఆలోచించి, "కిందదే మేలేమో, మెట్లుండవు" అనేది. వెనక సీట్లో బ్రేకు బాబాయి నేలను గట్టిగా తొక్కేవాడు. గేటు వచ్చేసేది. అమ్మమ్మ బుర్రలో కాలరూ లేదు, జేబూ లేదు, ఎవరిదో కింద అంతస్తు వాటా మాత్రం ఉండేది.

పెట్రోలు ఖర్చు పంచుకోవడంతో నెల తిరిగేసరికి అమ్మమ్మ చేతిలో నాలుగు డబ్బులు నిలిచాయి. అల్లుడుగారు రుమాలును ఉతకనివ్వకుండా దాచుకున్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఒక్క కోత బల్ల కిందే తుక్కు పెరగసాగింది. ఊడ్చే ఆయన సంచీ మార్చి పెద్దది తెచ్చుకున్నాడు. అమ్మమ్మ ఆ సంచీ వంకా, తన చేతుల వంకా మార్చి మార్చి చూసుకునేది. చేతులు పాతవే. సుద్ద పాతదే.

తర్వాత పెద్ద దెబ్బే పడింది. కాపలావాళ్ళ చొక్కాలు. గుడ్డ పరిచారు, అమ్మమ్మ గీసింది, కత్తి నడిచింది. మధ్యాహ్నానికి కుట్టేవాళ్ళ దగ్గర్నుంచి ఒక అమ్మాయి రెండు చేతులు పట్టుకుని వచ్చింది. అంటే, చొక్కా చేతులు.

"పెద్దమ్మా, ఇవి రెండూ ఎడమవే."

"కుడివి కింద ఉంటాయి చూడు."

"చూశాను పెద్దమ్మా. అన్నీ ఎడమ చేతులే."

చేతి అట్టను ఒకసారి గీశాక, రెండోసారి తిరగేసి గీయాలి. అప్పుడే ఒకటి ఎడమా, ఒకటి కుడీ అవుతుంది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా మరిచిపోని సంగతి అది. అమ్మమ్మ తిరగేయలేదు. గుట్టెడు కాపలావాళ్ళకు ఒక్కరికీ కుడి చేయి లేదు.

మేనేజరు అరవలేదు. అరిచినా బాగుండేది. "వయసు కదండీ" అన్నాడు. "వచ్చే వారం నర్సుల కోట్లున్నాయి. ఖరీదైన గుడ్డ. అది కూడా ఇలాగే అయితే మిమ్మల్ని గుండీల బల్లకు మార్చాల్సి వస్తుంది. కూర్చుని చేసుకునే పని, మీకూ హాయిగా ఉంటుంది."

గుండీల బల్ల! రంగు రంగు గుండీలు డబ్బాల్లోకి ఏరి పోసే పని. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి ఇచ్చే పని. అమ్మమ్మ ఆ సాయంత్రం కారు రివర్సు గేరులో వేయబోయి వైపర్లు తిప్పింది.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు.

"కళ్ళజోడు మార్చాలమ్మా" అంది కూతురు.

"నిద్ర చాలట్లేదు అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

"అమ్మమ్మా, నీకు కుడేదో ఎడమేదో చెప్పు చూద్దాం" అంది మనవ సంతానంలో ఒక కోతి. అమ్మమ్మ చెప్పబోయి ఒక్క క్షణం తడబడింది. ఆ ఒక్క క్షణానికి ఇంట్లో నవ్వు ఆగిపోయింది. అమ్మమ్మ కూడా తన అరచేతుల్ని ఎవరో అప్పిచ్చినవాటిలా చూసుకుంది.

"నాకేమవుతోందే?" అని కూతుర్ని అడిగింది. కూతురు కంచాలు సర్దింది.

నర్సుల కోట్లు కోయాల్సిన రోజు వచ్చింది. అమ్మమ్మ పెందలాడే బయల్దేరింది. మందుల షాపు మూల మీద ఆవిరిని ఎక్కించుకోవాలి, బ్యాంకు ముందు బ్రేకు బాబాయిని ఎక్కించుకోవాలి. కానీ కోటుకు పెద్ద కాలరు, రెండు పెద్ద జేబులు, వెనకాల పట్టీ. పట్టీని ఎక్కడ పెట్టాలి? నిలువుగా పెడితే గుడ్డ చాలదు. మందుల షాపు వచ్చింది, పోయింది. అడ్డంగా పెడితే? బ్యాంకు వచ్చింది, పోయింది. వీపు అట్టను తలకిందులు చేస్తే దాని నడుము పక్కన సందు దొరుకుతుంది, ఆ సందులో పట్టీ! అమ్మమ్మ స్టీరింగు మీద వేలితో గీసుకుంది. చేయి ఒకసారి ఇలా, తిరగేసి ఒకసారి అలా. గేటు దగ్గరకు వచ్చేసరికి కోటు కోటంతా సర్దుకుని కూర్చుంది, వెనకటిలాగే.

లోపలికి వెళ్ళి సుద్ద తీసింది. గీతలన్నీ పూర్తయ్యాక ఎవరో అన్నారు: "ఇవాళ ఆవిరమ్మ రాలేదేంటి? ఇస్త్రీ పెట్టెలన్నీ చల్లగా ఉన్నాయి."

అమ్మమ్మ చేతిలో సుద్ద విరిగింది.

తాళాలు పట్టుకుని పరిగెత్తి కారు తీసింది. మందుల షాపు మూల మీద ఆవిరీ, ఆమె పక్కన బ్రేకు బాబాయీ నిలబడి ఉన్నారు. ఆయన బ్యాంకు దగ్గర్నుంచి అక్కడిదాకా నడిచి వచ్చాడట, తనొక్కడికే జరిగిందా అందరికీ జరిగిందా చూసుకోవడానికి.

"అక్కా, నీకు మా మీద కోపమా?" అంది ఆవిరి, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని. "చేయి ఊపాను. నువ్వు నన్ను చూసి తల కూడా ఊపావు! ఊపి వెళ్ళిపోయావు!"

"నేనా?"

"నాకూ ఊపారు" అన్నాడు బ్రేకు బాబాయి.

"అయ్యో, నాకేం గుర్తులేదే తల్లీ! పట్టీ గురించి చూస్తున్నాను..." అమ్మమ్మ స్టీరింగు మీద తల ఆనించింది. హారను మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. "నాకు మతి పోతోంది. ఇక నేను గుండీలే ఏరుకోవాలి."

"ఆ పట్టీ కుదిరిందా?" అన్నాడు బ్రేకు బాబాయి.

"కుదిరింది. బ్రహ్మాండంగా కుదిరింది. అదే నాకు అర్థం కావట్లేదు."

ఆయన కాలితో నేలను రెండుసార్లు తొక్కాడు. "మీరు సిగ్నలు దగ్గర స్టీరింగు మీద వేలితో ఏదో గీస్తారండీ. వెనక నుంచి చూస్తుంటాను. ఆవిరమ్మ ఏదైనా అడగగానే ఆ వేలు ఆగిపోతుంది."

ఆవిరి కారు తలుపు పట్టుకుని లోపలికి వంగింది.

"అంటే... నా నోటివల్లనే కాపలావాళ్ళకు కుడి చేతులు లేకుండా పోయాయా?"

మర్నాటి నుంచి కారులో మౌనం. అది ఆవిరి పెట్టిన రూలే. పెదాలు బిగబట్టి, బుగ్గలు ఉబ్బించి, కళ్ళు పెద్దవి చేసి కూర్చుంది. మూత బిగించిన కుక్కరు పక్కన పెట్టుకుని నడుపుతున్నట్టుంది అమ్మమ్మకు. ఎప్పుడు పేలుతుందో అని పక్కకు చూడటంతోనే దారి అయిపోయింది. అట్టలు ఒక్కటీ కదల్లేదు.

"ఏదైనా మాట్లాడవే తల్లీ, చచ్చిపోతున్నాను!" అంది చివరకు.

"మాట్లాడితే నీకు చేతులు తిరగబడవు, మాట్లాడకపోతే చచ్చిపోతావు. నేనేం చేయాలక్కా? దిగి నడవనా?"

ఇంటికొచ్చి చెబితే అల్లుడుగారు బుర్ర గోక్కున్నాడు. పెట్రోలుకు మందు ఆయన దగ్గర ఉంది, దీనికి లేదు. "పోనీ మానేద్దామా అత్తయ్యా?" అన్నాడు చిన్నగా.

"మానేస్తే ఆ పిల్ల స్కూటరు మీద వానలో తడుస్తుంది" అంది అమ్మమ్మ. అని తనే ఆశ్చర్యపోయింది. ఒక్కత్తినే పోవచ్చన్న మాటకు సంతోషం రావాలి కదా? రాలేదు.

ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు. ఒకరోజు నర్సుల కోట్ల రెండో విడతకు అట్టలు ముందు సీట్లో పెట్టాల్సి వచ్చి, ఆవిరి వెనక్కి వెళ్ళి కూర్చుంది. అడగడానికి పక్కన ఇంకెవరూ లేరు కనుక బ్రేకు బాబాయిని అడగడం మొదలుపెట్టింది. మరిది, అంతస్తు, నీళ్ళ ట్యాంకు. ఆయన ప్రతిదానికీ "ఊఁ" అన్నాడు. ఊఁ అనే పనిలో పడి నేల తొక్కడం మరిచిపోయాడు. ముందు సీట్లో అమ్మమ్మ వేలు స్టీరింగు మీద కదిలింది. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి, జవాబు బాధ్యత మాత్రం తనది కాదు. గేటు దగ్గరకు వచ్చేసరికి కోట్లు సర్దుకున్నాయి, ఆ మరిది పై అంతస్తులోకి మారిపోయాడు.

రెండు విడతల కోట్లకూ కుడీ ఎడమా రెండూ వచ్చాయి. మేనేజరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, తన చేతులతో సరిచూసుకుని, గుండీల మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు. మిగిలిపోయిన ఎడమ చేతుల్ని అమ్మమ్మ ఇంటికి తెచ్చింది. పారేయడానికి అల్లుడుగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇంట్లో నీళ్ళ సీసాలకూ, గొడుగులకూ, ఆఖరికి టీవీ రిమోటుకూ ఖాకీ చేతులు తొడిగి ఉంటాయి. చీకట్లో చూస్తే ఎవరో కాపలా ఉన్నట్టే ఉంటుంది.

ఆ మధ్య వెనకాల ఇద్దరూ ఒకేరోజు సెలవు పెట్టారు. అమ్మమ్మ ఒక్కత్తే బయల్దేరింది, వెనకటిలాగే. మందుల షాపు దాటింది. బ్యాంకు దాటింది. అట్టలు ఎంతకీ కదలవు. ఏదో తక్కువైంది, అదేమిటో అంతు చిక్కదు. సిగ్నలు దగ్గర అద్దంలో ఖాళీ సీటు వంక చూసి, అటూ ఇటూ ఎవరూ వినట్లేదు కదా అని చూసుకుని, మెల్లగా తనే అడిగింది:

"పై అంతస్తే మేలంటావా?"

"ఊఁ" అని తనే అనుకుంది. చేయి అట్ట తిరగబడి, దాని చోట్లో అది పడుకుంది.