గున్నేశ్వరరావు గారి ముల్లు తూకం

మా ఇంటి ఓనరు గున్నేశ్వరరావు గారింట్లో ఏ పాటా చివరిదాకా వినిపించదు. మండపేట బజారంతటికీ ఈ సంగతి తెలుసు. పల్లవి అయి, చరణం ఎత్తుకుని, వినేవాళ్ళ తలలు ఊగడం మొదలయ్యేసరికి ఆయన చటుక్కున లేచి రికార్డు మీంచి ముల్లు ఎత్తేస్తారు.

"విన్నారాండీ? అక్కడ బుస కొట్టింది. బరువండీ, బరువు!"

మాకు పాట వినిపించేది. ఆయనకి బరువు వినిపించేది.

1980లో నేను బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి వాళ్ళ మేడమీద వాటాలో దిగాను. దిగిన సాయంత్రమే కాఫీకి పిలిచి పాట పెట్టారు. సగంలో ఎత్తేశారు. ఇక లేవమని మర్యాదగా చెబుతున్నారేమో అనుకుని సగం కాఫీ వదిలేసి లేచొచ్చాను. ఆ కాఫీ గురించి ఇప్పటికీ నాకు బెంగే.

ఆయనది బంగారం కొట్టు. ముల్లు రికార్డు మీద ఎంత బరువు మోపుతోందో చూడ్డానికి కొట్లో బంగారం తూచే చిన్న త్రాసు ఇంటికి పట్టుకొచ్చేసేవారు. ఒక పళ్ళెంలో ముల్లు ఆనించి, రెండో పళ్ళెంలో గురిగింజలు ఒక్కొక్కటే వేస్తూ ఊపిరి బిగబట్టేవారు. ఆ కాసేపూ ఇంట్లో ఫ్యాను కూడా తిరగడానికి వీల్లేదు. అవతల కొట్లో పెళ్ళివారు పుస్తెలు తూయించుకోవాలని కూర్చుంటే, గుమాస్తా అప్పారావు చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు.

"అయ్యగారూ, త్రాసండి!"

"ఉండవయ్యా, ముల్లు తూస్తున్నాను."

"పెళ్ళివారు కోప్పడుతున్నారండి. ముహూర్తం దగ్గరికొచ్చేసిందంటండి."

"ముహూర్తాలు మళ్ళీ వస్తాయి. అరిగిన రికార్డు మళ్ళీ వస్తుందా?"

ఈ జవాబు పెళ్ళివారికి ఎలా చెప్పాలో తెలియక పాపం అప్పారావు మా మెట్లమీదే కూర్చునేవాడు.

పాత ప్లేయరులో ముల్లుని మోసే చెయ్యి మహా బరువు. దాని ముల్లు రికార్డు మీది గాడిని నాగలిలా దున్నేస్తోందని ఆయన బాధ. చివరికి మద్రాసు వెళ్ళి కొత్త చెయ్యి, దాని కొసకి తగిలించే, ముల్లు ఉండే కొత్త కార్ట్రిడ్జి తెచ్చారు. చేతికి వెనకాల చిన్న గుండు ఉంటుంది. దాన్ని తిప్పితే ముల్లు మీద బరువు తగ్గుతుంది. ఇంటిల్లిపాదినీ, మమ్మల్నీ కూర్చోబెట్టి ముల్లు దింపారు. గదిలో ఎక్కడో దోమ పాడుతున్నట్టు వినిపించింది.

"కొత్తదాని గొంతు సన్నమటండీ. దాన్ని పెద్దది చేసే పెట్టె వేరే తేవాలట" అన్నారు నీరసంగా. మళ్ళీ మద్రాసు.

ప్రతి మార్పుకీ ఒక పరీక్ష. ప్రతి పరీక్షకీ బలి ఆయన భార్య కన్యకాపరమేశ్వరి గారి రికార్డులు.

"నా పాటల్ని మేకలు మేసినట్టు మేసేశారు. పెళ్ళైన కొత్తలో మనింట్లో పాటలు చివరిదాకా మోగేవి కాదూ?" అని ఆవిడ నిలదీస్తే, ఆయన వినపడనట్టు గురిగింజలు లెక్కపెట్టుకునేవారు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది. ఒకరోజు లూథరన్ చర్చిలో పాటలు నేర్పే యెహెజ్కేలు మాస్టారు బ్యాంకులో నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ప్రసాదుగారూ, మా నాన్నగారు పాడిన రికార్డు ఒకటుందండి. మిషనులో దొరగారెవరో పాడించి అచ్చేయించారు. ఇప్పుడు లోకంలో అదొక్కటే మిగిలిందండి. నాన్నగారు పోయాక అమ్మ ఆ గొంతు మళ్ళీ వినలేదు. ఒక్కసారి వినిపించండని గున్నేశ్వరరావు గారికిచ్చి ఏడాది దాటింది. ఎప్పుడడిగినా 'ఇంకా కాలేదండీ' అంటారు. ఉన్నమాట చెప్పండి. మా పాట ఆ ఇంట్లో మోగడం వాళ్ళకి ఇష్టం లేదాండి?"

నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం సరాసరి ఓనరు గారి గదిలోకి వెళ్ళి, అద్దెకున్నవాణ్ణన్న సంగతి కూడా మరిచిపోయి అడిగేశాను.

ఆయన గురిగింజ చేత్తో పట్టుకుని బిక్కమొహం వేశారు. "అయ్యో, అలా అనుకున్నాడా? అదొక్కటే ఉందటండీ! పాత చేత్తో ఒక్కసారి పెట్టినా ఆ ముసలాయన గొంతు చెక్కుకుపోతుంది. మా ఆవిడ పాటలు పోతే మళ్ళీ కొంటాను. అదెక్కడ కొననండీ? అందుకే దాన్ని ముట్టుకోకుండా వీటి మీద సరిచూసుకుంటున్నాను."

"ఆ ముక్క మాస్టారికి చెప్పొచ్చు కదండీ?"

"చెబితే మొహమాటపడి 'మీకెందుకండీ ఇంత శ్రమ' అని పట్టుకుపోతాడు. ఏ మైకుసెట్టువాడి చేతిలోనో పెడతాడు. వాడి ముల్లు మేకండీ, మేకు!"

నాకు ఆయన్ని కౌగలించుకోవాలనిపించింది. ఫ్యాను కట్టేసి ఉంది, ఒళ్ళంతా చెమట. ఊరుకున్నాను.

మద్రాసు నుంచి ఆ గొంతు పెద్దది చేసే పెట్టె వచ్చాక, ఒక ఆదివారం ప్రార్థన అవగానే మాస్టారు తల్లి ఏసమ్మ గారిని రిక్షాలో తీసుకొచ్చారు. కన్యకాపరమేశ్వరి గారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టారు. గున్నేశ్వరరావు గారు చివరిసారి ముల్లు తూచి, ఈకలా దింపి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

పాత గొంతు నిండుగా వచ్చింది. పల్లవి అయింది. రెండు చరణాలయ్యాయి. మాస్టారు పాట వినడం మానేసి గున్నేశ్వరరావు గారి చేతుల వంకే చూస్తున్నారు. మూడో చరణం ఎత్తుకోబోతుండగా పెట్టెలోంచి 'ఖళ్' మని పెద్ద చప్పుడు.

గున్నేశ్వరరావు గారి మొహం తెల్లబోయింది. "పోయింది! గాడి తెగిపోయింది!" అంటూ చెయ్యి చాచారు.

"ఆగండి బాబూ!" ఏసమ్మ గారు కేకేశారు. "అది ముల్లు కాదండి. మా ఆయన దగ్గండి! ఎప్పుడు పాడినా మూడో చరణం ముందు దగ్గాల్సిందే. దొరగారు మొత్తుకున్నా ఇన్నారు కాదు."

గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. నవ్వుల మధ్యే పాట సాగి, చివరిదాకా వెళ్ళి, దానంతట అదే ఆగింది. "అమ్మయ్య" అంటూ కన్యకాపరమేశ్వరి గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మాస్టారు గున్నేశ్వరరావు గారి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇంకోసారి పెట్టమంటారాండి, మొదట్నుంచీ?" అన్నారు గున్నేశ్వరరావు గారు.

"పాట తర్వాత ఇందాంలెండి బాబూ," అన్నారు ఏసమ్మ గారు, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ. "ముందు ఆ దగ్గు పెట్టండి."

ఆయన వంగి, ముల్లు మెల్లగా ఎత్తి, సరిగ్గా దగ్గుకి ముందు దింపారు.