మసకగా తీసిన నక్షత్రం

అక్క పోయి రెండేళ్లయింది. వేధశాలలో ఆమెను ఇప్పటికీ "మసక మేడమ్" అనే తలుచుకుంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరే, కానీ ఆమెకు నచ్చింది.

నక్షత్రాల వెలుగు కొలవడం అక్క ఉద్యోగం. ఒకసారి ఒక చిన్న ఎర్ర నక్షత్రం ఉన్నట్టుండి భగ్గుమంది. ఆ వెలుగు కెమెరా పట్టగలిగే హద్దు దాటి పొంగిపోవడంతో ఎంత పెరిగిందో కొలవడానికి వీల్లేకపోయింది. కెమెరా తేడా చేసి ఉంటుందని అక్కడి అధిపతి తీసిపారేశారు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. అక్క మాత్రం అది నిజమనే అంది. మళ్లీ చూస్తానని వెంటపడితే, ఎవరూ అడగని సమయం దొరికింది: చీకటి పడ్డాక, నక్షత్రం పడమటి కొండ వెనక్కి దిగిపోయే లోపు. అదీ ఆ నెలాఖరు వరకే. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ నక్షత్రం సూర్యుడి చాటున ఉండిపోతుంది.

ఈసారి పొంగకుండా ఆమె కావాలనే ఫోకస్ చెడగొట్టి ఫొటోలు తీసేది. చుక్క పళ్లెంలా పరుచుకుంటే కెమెరా తట్టుకుంటుంది. ఎప్పుడూ ఒకేలా వెలిగే మరో నక్షత్రం కూడా అదే ఫొటోలో పడేలా చూసుకునేది. మబ్బు పడితే రెండూ తగ్గుతాయి. ఒక్కటే పెరిగితే అది నిజం.

ఆ నెల ఆఖరి రోజు నేనూ తోడు వెళ్లాను. జబ్బుకు వాడే మందుల వల్ల అప్పటికే ఆమె చేతులు వణుకుతున్నాయి. గదిలోకి అడుగుపెట్టగానే పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చారు.

"ఏమ్మా, ఇన్నాళ్లూ ఫోకస్ లేకుండానే కానిచ్చేస్తున్నావా? నేను సరిచేసి పెట్టాన్లే. చూడు, సూదిమొనలా ఉంది!"

అక్క నెత్తి కొట్టుకుంది. "అయ్యో సార్, ఎంత పని చేశారు! మీరు సాయం చేస్తానంటేనే నాకు భయం."

"మసకగా ఎవరైనా తీస్తారా?"

"నేను తీస్తాను. మీరు కాసేపు చేతులు కట్టుకుని కూర్చోండి సార్, మీకు పుణ్యముంటుంది."

ఆయన నిజంగానే చేతులు కట్టుకున్నారు. అక్క ఒక్కో మీటా నొక్కుతూ మళ్లీ మసక చేసింది. ఈలోపు నక్షత్రం కొండకు దగ్గరపడింది. ఫొటో మీద ఫొటో వస్తోంది, తెర మీద దాని వెలుగు చూపే గీత మాత్రం పైకి కదలదు. నాకు ఆశ పోయింది. "పోనీలే అక్కా," అనబోయాను.

గీత లేచింది.

"మబ్బు తొలగిందేమో?" అన్నారు పెద్దాయన.

"పక్కదాన్ని చూడండి."

పక్క నక్షత్రం గీత తిన్నగానే ఉంది. ఎర్రదానిది ఇంకా పైకి పోతోంది.

"పొంగిందా?"

"లేదు సార్. ఇంకా చోటుంది."

పెద్దాయన కట్టుకున్న చేతులు విప్పి కుర్చీ ముందుకు లాక్కున్నారు. గీత మెల్లగా దిగే దాకా ముగ్గురం తెరకే అతుక్కుపోయాం.

"నిజమేనమ్మా," అన్నారాయన చివరికి. "వచ్చే ఏడు నీకు రాత్రి మొత్తం ఇస్తాను."

"సాయంత్రాలు చాలు సార్. పెందలాడే ఇంటికి పోవచ్చు."

మరుసటి ఏడు కూడా అక్క దాన్ని చూసింది. ఆ తర్వాత చూడటానికి ఆమె లేదు. కానీ ఆ పని ఆగలేదు. మొన్న పెద్దాయన ఫోన్ చేశారు: "మీ అక్క నక్షత్రం మళ్లీ కనిపించే రోజులొచ్చాయమ్మా. ఈ సాయంత్రం మొదలుపెడుతున్నాం, వస్తావా?"

పొయ్యి ఆర్పేసి, చెప్పులేసుకుని బయల్దేరాను.