రెండు సంచుల్లో ఒకే మట్టి

ఏళ్లుగా ఒక సంచెడు మట్టి బరువు మోస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రావులపాలెం దగ్గర మా అక్కావాళ్లకీ నాకూ అరటి తోటలుండేవి. నాన్న పోయాక నాకు సేద్యం నేర్పింది బావే. పిలక ఎంచడం, గెలకి వెదురు ఊతం పెట్టడం, అన్నీ. ఒక్కనాడూ కసరలేదు. అలాంటి మనిషికి నేను చేసింది ఇది.

ఓ వేసవిలో బావ నడుం పట్టేసి మంచం మీదున్నాడు. "ఏరా, మట్టి పరీక్షకి నీ చేలోది ఎలాగూ తీస్తున్నావుగా. మాదీ తీసి ఇచ్చెయ్యి. నాలుగైదు చోట్ల తవ్వి కలపాలంట" అన్నాడు. సరేనన్నాను. వాళ్ల చేను కాలవ అవతల. ఎండ మండిపోతోంది. రాజమండ్రిలో స్నేహితులు సినిమాకి రమ్మన్నారు. నా చేలోనే, పశువుల పాక పక్కన తవ్విన మట్టిని రెండు సంచుల్లో పోసి, ఒకదాని మీద బావ పేరు రాశాను.

అక్కడ ఏళ్ల తరబడి పెంటా బూడిదా పడ్డాయి. పరీక్షలో, కాయని లావెక్కించే పొటాష్ పుష్కలంగా ఉందని వచ్చింది, ఇద్దరికీ. బావ పకపకా నవ్వాడు. "మనమే కాదురా, మన చేలు కూడా చుట్టాలే!" నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

ఆయన చేలో ఏటా అరటే. నేలలోని పొటాష్ గెలలతోపాటే తరలిపోయింది. అది తెలియక, నన్ను నమ్మి, పొటాష్ మానేసి ఒట్టి యూరియా వేశాడు. చెట్లు ముదురుపచ్చగా, ఏపుగా లేచాయి. తర్వాత ముదురాకుల అంచులు మాడాయి. కాయ సన్నబడింది. "పొటాష్ వెయ్యి బావా" అంటే సరిపోయేది. అంటే, ఎందుకని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకి జడిసి మరుసటి ఏడు కూడా ఊరుకున్నాను. ఆనాటి బద్ధకం పెద్ద తప్పా, ఈ ఊరుకోవడమా? ఊరుకోవడమే. బద్ధకానికి ఒక పూట పట్టింది, దీనికి రోజూ కొత్తగా పూనుకోవాల్సి వచ్చింది.

చివరికి బావ ఆ చేనుని చేపల చెరువుకి తవ్వించేశాడు. పొక్లెయిన్ దిగిన రోజు గట్టు మీద నా భుజం పట్టుకుని, "నా చేతికే ఏదో అయిందిరా. నువ్వన్నా బాగా పండించు" అన్నాడు.

ఇప్పటికీ నా తోటలో తొలి గెల వాళ్లింటికే వెళ్తుంది. పండు వలుచుకుంటూ "నీ చేతి మహిమరా" అంటాడు. అక్క కొసరి కొసరి వడ్డిస్తుంది. మాట నోటిదాకా వచ్చి, ముద్దతోపాటు లోపలికే పోతుంది.

బావ చేతిలో ఏ లోపమూ లేదు. ఆ నేలలోనూ లేదు. దానికి కావలసింది అందకుండా చేసింది నేను. క్షమించమని అడగడానికి మీరు బావ కారు. అయినా చెప్పాను. చెప్పాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.