పరీక్ష చేయని కొమ్మ

ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ ఇంటి వెనక, మగ్గం గది కిటికీకి ఎదురుగా ఒక దబ్బచెట్టు ఉండేది. కాయ చిన్నది, తోలు మందం. ఉప్పులో ఊరవేస్తే మూడేళ్లైనా మెత్తబడదు. ఆ వీధిలో తప్ప ఆ రకం నేనెక్కడా చూడలేదు. వీధిలోనూ అదొక్కటే మిగిలింది.

కొన్నేళ్ల కిందట దాని ఆకుల మీద పసుపు మచ్చలు పడ్డాయి. చెట్టు పోయేలోగా రకాన్ని కాపాడాలని, అంటు కట్టడానికి కొమ్మలు కోయబోయాను. చిన్నమ్మ అడ్డుపడింది.

"నలతపడిన సెట్టు కొమ్మ ఇంగొకరింటికి ఇయ్యగూడదు నాయనా. మా అత్త సెప్పేది."

ఎందుకో చెప్పమన్నాను. చెప్పలేకపోయింది. కారణం చెప్పలేని మాట మూఢనమ్మకమేనని నలుగురి ముందు ఉపన్యాసమిచ్చి, ఐదిళ్లకు అంట్లు పంచాను. ఒకటి ఆదోనిలో జిన్నింగు మిల్లులో పనిచేసే మిత్రుడికిచ్చాను.

ఐదూ పసుపెక్కాయి. ఒకరింట్లో పక్కనున్న బత్తాయి చెట్టు కూడా ఎండిపోయింది.

అప్పుడు తల్లిచెట్టు కొమ్మను ప్రయోగశాలకు పట్టుకుపోయాను. జబ్బు అంటుతోపాటే కొత్త మొక్కకూ పాకుతుందని అక్కడి శాస్త్రవేత్త చెప్పింది. చిగురు కొసన, ఆవగింజలో సగం కూడా లేని చోటికి మాత్రం అది ఇంకా చేరి ఉండదట. ఆ కొసను సూక్ష్మదర్శిని కింద కోసి, గాజుగొట్టంలో మొలిపించిన పసి మొక్కకు అతికించింది. చాలా గొట్టాలు బూజుపట్టాయి. ఒక మొక్క బతికింది. రెండుసార్లు పరీక్షించి, జబ్బు లేదని తేల్చుకున్నాక అంది:

"దీన్ని నాటాలంటే పాత చెట్టు ఉండకూడదు సార్. దాని రసం తాగిన పురుగే వచ్చి దీని మీద వాలుతుంది."

ఆ మాట చిన్నమ్మకు చెప్పాల్సింది నేనే.

ఆమె నూలు చుట్టే ఆసు తిప్పడం ఆపింది. "కొమ్మ ఇయ్యొద్దంటే మూఢనమ్మకమంటివి. ఇప్పుడు మానే కొట్టమంటాండావు. ఇదేం నమ్మకమప్పా?"

"నమ్మకం కాదు చిన్నమ్మా. పరీక్ష చేసినారు."

"ఆ పొద్దు కొమ్మలిచ్చేటప్పుడు నువ్వు సేయించినావా?"

ఆమె మాటకు కారణం అడిగినవాణ్ణి, నా మాటకు నేను అడగలేదు.

"నువ్విచ్చిన ఇండ్లన్నీ తిరిగి సెప్పిరా పో. ఆమీద గొడ్డలి తే."

తిరిగాను. జబ్బు నేనిచ్చిన కొమ్మతోనే వచ్చిందని ప్రతి గడపలోనూ నిలబడి చెప్పాను. ఆదోని మిత్రుడు చివరిదాకా విన్నాడు.

"నా బిడ్డ మెడలో తాయెత్తు సూసి గంటసేపు మాట్లాడినావు గదన్నా. ఈ పొద్దు నీ మాట ఇంత బిరీన అయిపాయనా?" అని నవ్వి, పారతో తనే ఆ చెట్టును పెళ్లగించాడు.

మర్నాడు పొద్దున చిన్నమ్మ రోజూ పోసినట్టే ఒక బిందె నీళ్లు దబ్బచెట్టు మొదట్లో పోసింది. కొట్టబోయే చెట్టుకు నీళ్లెందుకన్న ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. నీళ్లు ఇంకేదాకా నిలబడి, గొడ్డలి ఎత్తాను.