ఫ్లషింగ్ మౌన మందిరంలో నా పదకొండు నిమిషాలు

ఆదివారం ఉదయం ఎనిమిదింబావుకి మెట్రోపార్క్ స్టేషన్‌లో న్యూయార్క్ రైలు ఎక్కాం, నేనూ మా అమ్మాయి మాధవీ. 1986 ఏప్రిల్. చలి ఇంకా పూర్తిగా పోలేదు. నా చేతిసంచిలో ఇడ్లీల డబ్బా, ఫ్లాస్కులో కాఫీ, పద్నాలుగు పేజీల నోట్సు ఉన్నాయి. ఆ నోట్సు నాది.

పని మాత్రం అమ్మాయిది. ఎడిసన్‌లో తను చదివే బడిలో ఏడో తరగతి పిల్లలు తలా ఒక చరిత్ర విషయం తీసుకుని, క్లాసు ముందు నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలి. మాధవికి వచ్చిన విషయం క్వేకర్లనే క్రైస్తవ శాఖ: అది ఎలా పుట్టింది, ఈ దేశానికి ఎలా వచ్చింది. విషయం కష్టమైంది కాదు. నిలబడి మాట్లాడటమే కష్టం. మాధవికి నత్తి ఉంది. కొన్ని అక్షరాల దగ్గర మాట గొంతులో ఆగిపోతుంది. అలా ఆగినప్పుడల్లా ఆ మాట నేనే అందిస్తాను. అది నా పితృధర్మం అనుకునేవాణ్ణి.

ఫ్లషింగ్‌లో మూడు వందల ఏళ్ళనాటి క్వేకర్ మందిరం ఉందని, ఆదివారం పదకొండింటికి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చని లైబ్రరీలో చదివింది మాధవే. తీసుకెళ్తానన్నది నేను. మా ఆవిడ లలిత ఆస్పత్రిలో నర్సు, ఆదివారం కూడా డ్యూటీ. యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుంటూ ఒక్క మాటంది:

"మీరు వెళ్తే దానికి మాట్లాడే చాన్స్ ఎక్కడుంటుందండీ?"

నేను నవ్వేశాను. వాల్తేరులో చరిత్ర ఎమ్మే చదివి, ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల కాగితాలు చూసుకుంటున్నవాడికి చరిత్ర చెప్పే అవకాశం ఏడాదికి ఒకసారి కూడా రాదు. వస్తే వదలను. మా ఊరి తెలుగువాళ్ళ ఉగాది సభలో నాకు మైకు ఇచ్చే ముందు ప్లగ్గు దగ్గర ఒక మనిషిని నిలబెడతారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

రైలు కదలగానే నోట్సు తీశాను. ఇంగ్లండులో అంతర్యుద్ధం రోజులు, ఈ శాఖకి మూలపురుషుడైన, చెప్పులు కుట్టే పని నేర్చుకున్న ఒక యువకుడు, మనశ్శాంతి కోసం ఊరూరా తిరిగి పాదిరీలందర్నీ అడిగి విసిగిపోవడం, చివరికి దేవుడి వెలుగు ప్రతి మనిషి లోపలా ఉంది, మధ్యవర్తి అక్కర్లేదు అని తెలుసుకోవడం.

"పెద్దవాళ్ళ ముందు టోపీ తీసేవాళ్ళు కారు. కోర్టులో జడ్జిని కూడా 'నువ్వు' అనేవాళ్ళు," అన్నాను. "ఆ కాలపు ఇంగ్లీషులోనూ మనకున్నట్టే నువ్వు, మీరు ఉండేవి. జడ్జిగారిని నువ్వు అంటే ఊరుకుంటాడా?"

"డాడీ, అది నాకు తె... తె..."

"తెలుసు అంటావు. తెలిస్తే మంచిదే. ఆ తర్వాత ఏమైందంటే..."

న్యూవార్క్ వచ్చేసరికి మాధవి కిటికీ వైపు తిరిగింది. నేను మూడో పేజీలోకి వెళ్ళాను. ఎదుటి సీట్లో పేపరు చదువుకుంటున్న అమెరికన్ పెద్దమనిషి పేపరు మడిచి, లేచి, వేరే పెట్టెలోకి వెళ్ళిపోయాడు. దిగే స్టేషన్ దగ్గరపడిందేమో అనుకున్నాను.

తొమ్మిదింటికల్లా పెన్ స్టేషన్‌లో దిగి, డాలరుకొకటి చొప్పున టోకెన్లు కొని, టైమ్స్ స్క్వేర్ దగ్గర ఏడో నంబరు సబ్‌వే పట్టుకున్నాం. ఫ్లషింగ్ దాని ఆఖరి స్టేషన్, నిద్రపోయినా దాటిపోయే భయం లేదు. రైలు నది కింది నుంచి వెళ్ళి, క్వీన్స్‌లో పైకి తేలి, మేడల మూడో అంతస్తుల పక్కగా పోతుంది. పెట్టె గోడల నిండా రంగురంగుల పిచ్చిరాతలు. రాత్రి సరిగ్గా పడుకోలేదు కాబట్టి కాఫీ తాగుతూ కూర్చున్నాను, అంటే రెండు స్టేషన్ల పాటు మౌనంగా ఉన్నాను.

జాక్సన్ హైట్స్‌లో మంకీ క్యాపు, స్వెట్టరు, కింద పంచెతో ఒక పెద్దాయన ఎక్కారు. మమ్మల్ని చూసి ముఖం విప్పారింది. తెనాలి ఆయన, కొడుకు దగ్గరికి ఆర్నెల్లకి వచ్చారు, ప్రతి ఆదివారం ఫ్లషింగ్‌లో మన గుడికి వెళ్తారు.

"నీ పేరేంటమ్మా?" అన్నారు.

"మాధవండీ," అన్నాను నేను.

"ఏం చదువుతున్నావు తల్లీ?"

"ఏడో తరగతండీ. లెక్కల్లో ఫస్టు."

ఆయన మాధవి వంక జాలిగా చూసి, నా వైపు వంగి గొంతు తగ్గించారు.

"పాపం, అమ్మాయి మూగదా బాబూ?"

నేను ఫ్లాస్కు మూత బిగించే పనిలో పడ్డాను. మాధవి చెవులు ఎర్రబడ్డాయి. కాదు తాతగారూ అని తనే చెప్పొచ్చు కదా, ఎందుకు చెప్పదు అని తన మీదే కోపం వచ్చింది నాకు. చూశారుగా నా తెలివి.

పదింబావుకి దిగాం. స్టేషన్ నుంచి మందిరానికి పది నిమిషాల నడక. గోపురం లేదు, సిలువ లేదు, బోర్డు చూడకపోతే పాత ధాన్యపు కొట్టు అనుకుంటాం. రోడ్డుకి వీపు పెట్టి, వెనకనున్న శ్మశానం వైపు ముఖం పెట్టుకుని ఉంది. గుమ్మంలో డెబ్భై ఏళ్ళావిడ చెయ్యి కలిపింది. పేరు ఎలనార్. మాధవి వచ్చిన పని విని, "అయితే వచ్చి మాతో కూర్చోండి, చదివిన దానికంటే త్వరగా తెలుస్తుంది," అంది.

లోపల పొడుగాటి బల్లలు, నల్లబడ్డ దూలాలు, ఇరవై మంది దాకా మనుషులు. పదకొండయింది. ఎవరూ ఏమీ అనలేదు. పాదిరీ ఇంకా రాలేదనుకున్నాను. పదకొండూ పదిహేను. ఇంకా ఏమీ లేదు. నా కడుపులో ఇడ్లీలు కదిలిన చప్పుడు ముందు బల్ల దాకా వినబడింది. మాధవి మాత్రం హాయిగా కళ్ళు మూసుకుని కూర్చుంది.

పదకొండున్నరకి వెనక బల్ల మీంచి ఒకాయన లేచి, జబ్బుపడ్డ పక్కింటివాడి తోటకి నీళ్ళు పెడుతుంటే తనకి కలిగిన నెమ్మది గురించి మూడు వాక్యాలు చెప్పి కూర్చున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఇక్కడ పాదిరీ లేడు, లోపల మాట పుట్టినవాళ్ళు ఎవరైనా లేచి మాట్లాడొచ్చు! నాకైతే లోపల పద్నాలుగు పేజీలు పుట్టి ఉన్నాయి.

లేచాను. మాధవి నా కోటు అంచు పట్టుకుని లాగింది. కంగారులో పట్టుకుందనుకున్నాను.

కమ్మరి వీధిలో సూదులమ్మినట్టు, క్వేకర్లకి క్వేకర్ల చరిత్ర చెప్పాను. దేవుడి మాటకి వణకండి అని కోర్టులో అన్నందుకు ఒక జడ్జి వెక్కిరిస్తూ పెట్టిన పేరే క్వేకర్ అనీ, అంటే వణికేవాళ్ళనీ చెప్పాను. ఇద్దరిద్దరుగా కాలినడకన ఇంగ్లండంతా తిరిగి, ఓడలెక్కి ఈ తీరానికి వచ్చిన బోధకుల గురించి, బోస్టన్‌లో వాళ్ళని కొరడాలతో కొట్టి, చెవులు కోసి, ఒక స్త్రీతో సహా నలుగుర్ని ఉరితీసిన సంగతి చెప్పాను. ఇంగ్లండులో ఒక ఊళ్ళో పెద్దలందర్నీ జైల్లో పెడితే పిల్లలే వచ్చి మందిరం నడిపిన కథా చెప్పాను. ఇదే ఫ్లషింగ్ డచ్చివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు క్వేకర్లకి చోటిచ్చినవాళ్ళకి గవర్నరు జరిమానా వేస్తే, "ఈ ఊరి క్వేకర్లు ముప్పైమంది ధైర్యంగా అర్జీ రాసి ఎదిరించారు," అని గొంతు పెంచి ముగించాను. గడియారం చూసుకుంటే పదకొండు నిమిషాలు.

చప్పట్లు లేవు. దగ్గు కూడా లేదు. చెరువులో రాయి పడ్డాక నీళ్ళు సర్దుకున్నట్టు మౌనం నా ఉపన్యాసం మీద మెల్లగా కమ్ముకుంది. తలెత్తి చూసే ధైర్యం లేక నా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను. లేసు ఒకటి ఊడి ఉంది.

అలా ఎంతసేపు గడిచిందో, పక్కన బల్ల కిర్రుమంది. మాధవి లేచి నిలబడింది.

ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. "మా నాన్న చెప్పిన దాంట్లో ఒకటి తప్పు. ఆ అర్జీ రాసినవాళ్ళు క్వేకర్లు కారు. వాళ్ళు ఉత్త..."

మాట ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. ఆ మాట నాకు తెలుసు. నా నాలుక చివర ఉంది. సగం లేచి నోరు తెరిచాను.

నా మోచేతి మీద ఒక చెయ్యి పడింది. వెనక బల్లలో ఎలనార్. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే ఉంచింది. నేను కూర్చున్నాను.

గదిలో ఎవరూ కదల్లేదు. ఎవరూ జాలిగా చూడలేదు, తల ఊపి ప్రోత్సహించనూ లేదు. అరగంట సేపు ఏమీ లేకుండా కూర్చున్నవాళ్ళకి ఇంకొంచెం కూర్చోవడం కష్టమా? కష్టపడింది నేనొక్కణ్ణే.

"...ఇరుగుపొరుగువాళ్ళు," అంది మాధవి. "వేరేవాళ్ళ కోసం రాశారు. రాసినందుకు కొందరు జైలుకెళ్ళారు. ఇంకోటి. మందిరం నడిపిన ఆ పిల్లలు. వాళ్ళకి అక్కడ బాగుండి ఉంటుంది. ఎందుకంటే ఎవరూ వాళ్ళని తొ... తొందరపెట్టరు."

కూర్చుంది. నా కళ్ళజోడు మసకబారితే తుడుచుకున్నాను, తుడిచినా మసకగానే ఉంది.

పన్నెండింటికి అందరూ పక్కవాళ్ళతో చేతులు కలిపారు, అంతే, అయిపోయింది. టీ ఇచ్చారు. ఎలనార్‌ని పక్కకి పిలిచి, మీరు ఆపకపోతే నేను అందించేవాణ్ణి, మాట ఆగిపోయింది కదా అన్నాను.

"ఆగిపోలేదండీ," అందావిడ. "వస్తోంది. అంతే."

తర్వాత చాలా మర్యాదగా, "మీ మాటల్లో విషయం చాలా ఉంది," అంది. ఆ మర్యాదకి ఇప్పటికీ చెంపలు మండుతాయి.

మందిరానికి దగ్గర్లోనే మరో పాత ఇల్లు ఉంది. తన వంటింట్లో క్వేకర్లని కూర్చోనిచ్చినందుకు దాని యజమానిని అదే డచ్చి గవర్నరు ఓడెక్కించి దేశం దాటించాడు. ఆయన హాలండు వెళ్ళి, అప్పట్లో ఈ ఊళ్ళని ఏలిన డచ్చి వర్తక కంపెనీ పెద్దల ముందు వాదించి గెలిచి తిరిగొచ్చాడు. ఆ వీధికి ఆయన పేరే పెట్టారు. అదే వీధి వెంట ఇరవై నిమిషాలు నడిస్తే మన గుడి. ఇంటి గోడ మీది పలక మాధవి పైకి చదువుతుంటే నేను నోట్సు సంచిలోనే ఉంచాను.

గుడిలో అర్చనకి నిలబడ్డాం. వెనక పెద్ద వరస. పూజారిగారు పూలు పట్టుకుని, "అమ్మాయి పేరు?" అన్నారు.

"మ..." అంది మాధవి.

నేను పళ్ళు బిగించాను. వెనక ఎవరో గాజులు సవరించుకున్నారు. పూజారిగారు నా వైపు చూశారు, నేను స్వామి వైపు చూశాను.

"మ... మాధవి."

"నక్షత్రం?"

మాధవి నా వైపు తిరిగింది. "అది నాకు తెలీదు. ఇప్పుడు నువ్వు చెప్పొచ్చు డాడీ."

చెప్పాను. ఒక్క మాటే. పులిహోర, పెరుగన్నం ప్రసాదం తిని రెండున్నరకి తిరుగుముఖం పట్టాం.

నాలుగు గంటల రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. మాధవి తన కాగితాలు దిద్దుకుంది. పైకి చదివితే తొమ్మిది నిమిషాలు పడుతుందట. టీచర్ని తొమ్మిది నిమిషాలు అడుగుతానంది. నేను ఫోన్ చేసి చెప్పనా అన్నాను. వద్దంది. నేను చెయ్యలేదు. మంగళవారం క్లాసులో తొమ్మిది కాదు, పన్నెండు నిమిషాలు పట్టిందని తర్వాత వాళ్ళమ్మకి చెప్పిందట.

ఎలిజబెత్ స్టేషన్ దాటుతుండగా మాధవి కాగితాలు మూసి నా వైపు తిరిగింది.

"డాడీ, నువ్వు లేచి అంత లాంగ్ స్పీచ్ ఇచ్చినప్పుడు, తర్వాత నేను లేచినప్పుడు, నాకు చాలా స... స..."

ఆ మాట నాకు తెలుసు. సిగ్గేసింది. అంతమందిలో పదకొండు నిమిషాలు పరువు తీసిన తండ్రి పక్కన కూర్చున్న పిల్లకి ఇంకేమనిపిస్తుంది? క్షమాపణ కూడా సిద్ధం చేసుకున్నాను, కాస్త పొడుగ్గా. కానీ నోరు తెరవలేదు. లిండెన్ వచ్చింది, మనుషులు దిగారు, ఎక్కారు, తలుపులు పడ్డాయి. మాధవి నా ముఖంలోకే చూస్తోంది. నేనూ తన ముఖంలోకే చూస్తున్నాను. రైలు కదిలింది.

"...సరదాగా ఉంది," అంది.

మాటలు వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల మాటలు నేను పూర్తి చేస్తున్నాను. ఎన్ని తప్పు చెప్పానో ఎవరికి తెలుసు! రాహ్వే దాటాక మాధవి ఇంకేదో చెప్పడం మొదలుపెట్టింది. మెట్రోపార్క్ వచ్చినా అది పూర్తి కాలేదు. మేం ప్లాట్‌ఫామ్ మీద బెంచీ చూసుకుని కూర్చున్నాం.